ఆకాశం చూడటానికి డబ్బు ఎవరిచ్చారు?

ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో, ఆర్నో నది ఒడ్డున, ఉఫిజి చిత్రశాలను ఆనుకున్నట్టే మ్యూజియో గెలీలియో ఉంది. ఫ్లోరెన్స్‌ను ఏలిన మెదిచీ వంశం తరతరాలుగా పోగుచేసిన శాస్త్ర పరికరాలకు అది ఇల్లు. అక్కడ ఒక గదిలో ఆంటోనియో సాంతుచ్చి 1588 నుంచి 1593 వరకు శ్రమపడి చేసిన గోళయంత్రం నిలబడి ఉంటుంది. ఎత్తు దాదాపు ఇద్దరు మనుషులంత. చెక్క చట్రం, దాని మీద బంగారు పూత, ఒకదాని లోపల ఒకటి తిరిగే వలయాలు. నట్టనడుమ భూమి, దాని చుట్టూ సూర్యచంద్రులు, గ్రహాలు, నక్షత్రాలు. చేయించినవాడు టస్కనీ గ్రాండ్ డ్యూక్ మొదటి ఫెర్డినాండో మెదిచి.

అదే మ్యూజియంలో అరచేతిలో ఇమిడిపోయే గాజు బిళ్ల ఒకటి ఉంది. వెడల్పు నాలుగు సెంటీమీటర్లు కూడా ఉండదు. పైగా పగిలిపోయింది. 1610లో గెలీలియో గురుగ్రహం పక్కన నాలుగు చంద్రుళ్లను చూసిన టెలిస్కోప్‌లోని కటకం ఇదేనని చెబుతారు. దాన్ని బిగించడానికి మెదిచీలు 1677లో ఏనుగు దంతంతో నగిషీల చట్రం చేయించారు. చూసేవాళ్ల కళ్లు ముందు చట్రం మీదికే పోతాయి.

గోళయంత్రం చూపించే విశ్వం తప్పు. ఆ తప్పును బయటపెట్టడంలో గాజు బిళ్లకు పెద్ద చెయ్యే ఉంది. రెండూ ఒకే కుటుంబం సేకరణలో, ఒకే కప్పు కింద ఉన్నాయి. తొలినాటి ఖగోళశాస్త్రం మీద పెట్టిన ప్రదర్శన ఏదైనా చూసేవాళ్లను ఇక్కడే తికమక పెడుతుంది. పక్కన అంటించిన చీటీలు సాధారణంగా ఒకే కథ చెబుతాయి. విజ్ఞానమంటే ప్రాణం పెట్టే ప్రభువులు శాస్త్రవేత్తలను ఆదరించారు, వాళ్లు కొత్త సంగతులు కనిపెట్టారు అని. అందులో అబద్ధమేమీ లేదు. కానీ అసలు బేరం ఏమిటో అది చెప్పదు. ప్రభువులు డబ్బిచ్చింది ఒకదానికి, శాస్త్రానికి పనికొచ్చింది ఎక్కువగా మరొకటి. మనకు మిగిలినవి మొదటి రకం వస్తువులే ఎక్కువ.

ప్రభువుకు కావలసింది ఏమిటి?

అన్నిటికంటే ముందు జాతకం. పదహారో శతాబ్దపు ఐరోపాలో ఖగోళశాస్త్రం, జ్యోతిషం రెండు వేర్వేరు వృత్తులు కావు. గ్రహం ఎక్కడుందో లెక్కకట్టేదీ, అది అక్కడ ఉంటే ఏమవుతుందో చెప్పేదీ ఒకే మనిషి. పెళ్లి, యుద్ధం, బిడ్డ పుట్టుక, చివరికి వైద్యుడు రోగి ఒంట్లోంచి రక్తం ఎప్పుడు తీయాలన్నది కూడా గ్రహస్థితిని బట్టే. డెన్మార్క్ ఖగోళవేత్త టైకో బ్రాహే ఆ దేశపు రాజకుమారుల జాతకాలు రాసిచ్చాడు. గెలీలియో కూడా ఇందులోంచి తప్పించుకోలేదు. 1609 మొదట్లో ఫెర్డినాండో జబ్బుపడితే, ఆయన భార్య క్రిస్టీనా భర్త జాతకం చూడమని గెలీలియోను కోరింది. గండం గడుస్తుందనే ధోరణిలో జవాబొచ్చింది. కొన్ని వారాల్లోనే, ఫిబ్రవరిలో, డ్యూక్ కన్నుమూశాడు. మరుసటి ఏడాది అదే కుటుంబం గెలీలియోకి పెద్ద ఉద్యోగం ఇచ్చింది. జ్యోతిషం గురి తప్పడం అప్పటివాళ్లకు కొత్తేమీ కాదు కాబోలు.

జాతకం కుదరాలంటే గ్రహాలు నిజంగా ఎక్కడున్నాయో తెలియాలి. చిక్కు అక్కడే వచ్చింది. 1563 ఆగస్టులో గురుడు, శని ఆకాశంలో బాగా దగ్గరికొచ్చాయి. జ్యోతిషులకు ఇది చాలా ముఖ్యమైన ఘట్టం. అప్పటికి పదహారేళ్ల కుర్రాడైన టైకో దాన్ని గమనించి పట్టికలతో పోల్చి చూశాడు. కాస్టిల్ రాజు పదో అల్ఫోన్సో పదమూడో శతాబ్దంలో తయారుచేయించిన పట్టికలు దాదాపు నెల రోజులు తప్పాయి. కోపర్నికస్ లెక్కల ఆధారంగా వచ్చిన కొత్త పట్టికలు కూడా కొన్ని రోజులు తేడా చూపించాయి. మూడు వందల ఏళ్ల కింద ఒక రాజు డబ్బుతో తయారైన లెక్కలనే ఐరోపా అప్పటికీ వాడుతోందన్నమాట. పట్టికలు మార్చాలంటే ఏళ్ల తరబడి రాత్రిళ్లు ఆకాశాన్ని కొలవాలి. అంత ఓపికకు డబ్బిచ్చేవాడు కావాలి.

ప్రభువుకు రెండో అవసరం ప్రతిష్ఠ. పక్క రాజ్యం నుంచి రాయబారి వస్తే చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి. శాక్సనీ ఎలెక్టర్ (చక్రవర్తిని ఎన్నుకునే హక్కున్న జర్మన్ ప్రభువు) ఆగస్ట్ కోసం ఎబర్‌హార్ట్ బాల్డెవైన్, మరికొందరు పనివాళ్లు 1563 నుంచి 1568 వరకు కష్టపడి ఒక గ్రహ గడియారం చేశారు. ఒక్కో గ్రహానికి ఒక్కో ముఖం, లోపల పళ్ల చక్రాల అడవి. ఇప్పుడు డ్రెస్డెన్‌లోని స్వింగర్ భవనంలో ఉంది. దాంతో ఎవరూ కొత్త గ్రహాన్ని కనిపెట్టలేదు, కనిపెట్టాలని చేయించలేదు కూడా. విశ్వం తన గుప్పిట్లో ఉందని ఎలెక్టర్‌గారు చెప్పుకోవడానికి పనికొచ్చింది.

ఇక నౌకాయానం, భూముల కొలత, పంచాంగం దిద్దుబాటు వంటివి కూడా కారణాలే. అవి ప్రతి పుస్తకంలోనూ ఉంటాయి కాబట్టి ఇక్కడ వదిలేస్తున్నాను.

వాడిన పరికరం, చూపించిన పరికరం

ప్రదర్శనల్లో తళతళలాడే వస్తువు ఆస్ట్రోలేబ్. సంస్కృత జ్యోతిష గ్రంథాల్లో దీన్ని యంత్రరాజం అన్నారు. మహేంద్ర సూరి 1370లో దీని మీద గ్రంథం రాసింది ఢిల్లీ సుల్తాన్ ఫిరోజ్ షా తుగ్లక్ కొలువులో. అక్కడా ఒక పోషకుడు ఉన్నాడు.

ఆస్ట్రోలేబ్ చేసే పనులు ముఖ్యంగా రెండు. వెనకవైపు ఉన్న కమ్మీతో నక్షత్రమో సూర్యుడో దిగంతం నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలుస్తాం. ముందువైపు జాలీలాంటి నక్షత్రపటాన్ని ఆ ఎత్తుకు సరిపడేలా తిప్పితే టైమ్ ఎంతయిందో, ఏ రాశి ఉదయిస్తోందో తెలుస్తుంది. జాలీ కింద ఉండే పలకను అక్షాంశాన్ని బట్టి గీస్తారు. ఒక ఊరికి చేసిన పలక ఉత్తరాన చాలా దూరంలో ఉన్న ఇంకో ఊరికి పనికిరాదు. అందుకే మ్యూజియంలో ఆస్ట్రోలేబ్ కనిపిస్తే బంగారాన్ని కాసేపు మరిచిపోయి పలక మీద చెక్కిన అంకెలు చూడాలి. యజమాని ఎక్కడ ఉండేవాడో, ఎక్కడెక్కడికి వెళ్లాలనుకున్నాడో అవి చెబుతాయి. ఆ తర్వాత అంచు చూడాలి. వేళ్లు తగిలి తగిలి గీతలు అరిగాయా, లేక నిన్ననే చెక్కినట్టున్నాయా? అరగని గీతలంటే ఆ పరికరం ఎక్కువ కాలం పెట్టెలోనే ఉందని ఊహించుకోవచ్చు. ఎంత గొప్ప పనివాడు చెక్కినా, గుప్పెడు వెడల్పున్న ఇత్తడి బిళ్ల మీద డిగ్రీలో చిన్న చిన్న భాగాలను చదవడం సాధ్యం కాదు. ఖచ్చితత్వం పెరగాలంటే పరికరం పెద్దదవాలి. పెద్దదాన్ని చేతిలో పట్టుకుని అతిథులకు చూపించలేం.

ఇదే తీరు పుస్తకాల్లోనూ కనిపిస్తుంది. పీటర్ ఆపియన్ 1540లో అచ్చువేసిన 'ఆస్ట్రోనమికం సెసారియం' పవిత్ర రోమన్ చక్రవర్తి ఐదో చార్లెస్‌కూ, ఆయన తమ్ముడు ఫెర్డినాండ్‌కూ అంకితం. రంగులద్దిన కాగితపు చక్రాలు పొరలు పొరలుగా అమర్చి ఉంటాయి. వాటిని తిప్పితే లెక్కలు చేయకుండానే గ్రహం ఎక్కడుందో తెలిసిపోతుంది. లెక్కలు రాని చక్రవర్తికి అంతకంటే ఏం కావాలి? ఆపియన్‌కు బంగారు నాణేలతో పాటు ప్రభువర్గంలో చోటు కూడా దక్కింది. మూడేళ్లకే, 1543లో, సూర్యుడే మధ్యలో ఉన్నాడనే కోపర్నికస్ పుస్తకం వచ్చింది. ఆపియన్ చక్రాలన్నీ భూమి మధ్యలో ఉందన్న లెక్కతో తిరిగేవే. అయినా ఆ పుస్తకాన్ని తోసిపుచ్చలేం. తోకచుక్క తోక ఎప్పుడూ సూర్యుడికి అవతలివైపే ఉంటుందని తన పరిశీలనలతో బొమ్మలు గీసి చూపించింది అందులోనే. రాజుగారి ఆటబొమ్మ మధ్యలో అసలైన శాస్త్రం ఒదిగి కూర్చుంది.

ఒక పుస్తకం, నాలుగు చంద్రుళ్లు, ఒక ఉద్యోగం

పోషణ ఎలా నడిచేదో అర్థం కావాలంటే గెలీలియో జీవితంలో 1609, 1610 సంవత్సరాలు చూస్తే చాలు. అప్పటికి ఆయన వెనిస్ గణతంత్రం కింద ఉన్న పాడువాలో గణితం చెబుతున్నాడు. హాలండ్‌లో దూరంవి దగ్గరగా చూపించే గొట్టం వచ్చిందని విని సొంతంగా మెరుగైనది తయారుచేశాడు. ఆగస్టులో వెనిస్ పెద్దలను సాన్ మార్కో గంటల గోపురం ఎక్కించి చూపించాడు. సముద్రం మీద వచ్చే ఓడలు మామూలు కంటికి అందడానికి చాలా ముందే కనబడ్డాయి. వర్తకులకూ నౌకాదళానికీ దాని విలువ వెంటనే తెలిసింది. జీతం ఏడాదికి 520 ఫ్లోరిన్ల నుంచి 1,000కి పెంచుతామన్నారు, పదవి జీవితాంతం ఖాయమన్నారు.

1610 జనవరి 7న ఆయన ఆ గొట్టాన్ని గురుగ్రహం వైపు తిప్పాడు. వారం తిరిగేసరికి దాని చుట్టూ తిరిగేవి నాలుగని తేలింది. మార్చి 13కల్లా 'సిడెరియస్ నున్సియస్' వెనిస్‌లో అచ్చయింది. అంటే కటకం చెక్కినప్పుడు గెలీలియోకి జీతమిచ్చింది వెనిస్, పుస్తకం అచ్చయింది వెనిస్‌లో. అంకితం మాత్రం ఫ్లోరెన్స్‌లో కొత్తగా గద్దెనెక్కిన రెండో కోసిమో మెదిచికి. కోసిమో చిన్నప్పుడు గెలీలియో దగ్గర లెక్కలు నేర్చుకున్నాడు. అతనితో కలిపి అన్నదమ్ములు నలుగురు, కొత్త చంద్రుళ్లూ నాలుగే. ఇంతకంటే కలిసొచ్చే అంకె ఇంకేముంటుంది!

పేరు విషయంలో బేరసారాలు కూడా నడిచాయి. కోసిమో పేరు ధ్వనించేలా 'కాస్మియన్ నక్షత్రాలు' అందామా, వంశం పేరుతో 'మెదిచీ నక్షత్రాలు' అందామా అని గెలీలియో డ్యూక్ కార్యదర్శి బెలిసారియో వింటాను ఉత్తరం రాసి అడిగాడు. రెండోదే మేలని జవాబొచ్చేసరికి అచ్చు మొదలైపోయింది. దాంతో పాత పేరు మీద కాగితపు ముక్క అంటించి సరిదిద్దారు. ఆ అతుకు ఉన్న ప్రతులు ఇప్పటికీ ఉన్నాయి. ప్రదర్శనలో అలాంటిది కనబడితే బంగారు గోళాన్ని వదిలేసి దాని ముందు నిలబడమంటాను. శాస్త్రానికీ ప్రభువుకీ మధ్య ఒప్పందం అంత స్పష్టంగా కంటికి కనిపించే చోటు ఇంకొకటి లేదు.

కావ్యాన్ని కృతిభర్త చేతిలో పెట్టిన కవి అగ్రహారం ఆశిస్తాడు. గెలీలియో ఆశించింది వేరే. ఆ వేసవిలో ఆయనకు వచ్చిన ఉద్యోగం పేరు 'గ్రాండ్ డ్యూక్ తత్వవేత్త, గణితవేత్త'. జీతం ఏడాదికి 1,000 స్కూడీలు. పిసా విశ్వవిద్యాలయంలో పదవి ఉన్నా పాఠాలు చెప్పాల్సిన పని లేదు. ఇందులో 'తత్వవేత్త' అన్న మాట ఆయన పట్టుబట్టి అడిగి తెచ్చుకున్నది. అప్పటి విశ్వవిద్యాలయాల్లో గణితవేత్త స్థాయి తక్కువ. గ్రహం ఎక్కడ కనబడుతుందో లెక్క చెప్పడం వరకే అతని పని. ప్రపంచం నిజంగా ఎలా ఉందో చెప్పే హక్కు తత్వవేత్తది. భూమి తిరుగుతోందని లెక్కల సౌకర్యం కోసం అనడం వేరు, నిజంగానే తిరుగుతోందని అనడం వేరు. రెండో మాట అనాలంటే హోదా కావాలి. ఆ హోదా ఇవ్వగలిగింది విశ్వవిద్యాలయం కాదు, ప్రభువు.

ప్రభువు ఇచ్చే ఇంకో సాయం నమ్మకం. గొట్టంలో కనబడేది నిజమా, గాజు చేసే మాయా అని చాలామంది అనుమానించారు. మెదిచీల రాయబారుల ద్వారా టెలిస్కోప్‌లు ఇతర రాజాస్థానాలకు కానుకలుగా వెళ్లాయి. వాటిని అందుకున్నది ఎక్కువగా ప్రభువులే. ఐరోపాలో గెలీలియోని సమర్థించిన పెద్ద గణితవేత్త యోహానెస్ కెప్లర్‌కు ఒక్కటీ అందలేదు. చివరికి కొలోన్ ఎలెక్టర్‌కు కానుకగా వచ్చిన టెలిస్కోప్‌ను కొన్నాళ్లు అరువు తీసుకుని, కెప్లర్ ఆ చంద్రుళ్లను చూసి, చూశానని అచ్చువేశాడు. చూడటం తెలిసినవాడు చూడటానికే ఎరువు సొమ్ము మీద ఆధారపడాల్సి వచ్చింది.

ఈ ఏర్పాటుకు పెద్ద బలహీనత ఒకటుంది. అది మనిషితో ముడిపడి ఉంటుంది. కోసిమో 1621లో చనిపోయాడు. వారసుడు రెండో ఫెర్డినాండోకు అప్పటికి పదేళ్లు. ఒకప్పుడు గెలీలియోను మెచ్చుకుంటూ పద్యం రాసిన కార్డినల్ బార్బెరీని, ఎనిమిదో అర్బన్ పేరుతో పోప్ అయ్యాక ఆయన మీద కోపగించుకున్నాడు. 1633లో విచారణ జరిగినప్పుడు టస్కనీ డ్యూక్ పోప్‌కు ఎదురు నిలబడలేకపోయాడు. గెలీలియో 1642లో చనిపోయేదాకా ఇంటి నిర్బంధంలోనే ఉన్నాడు. ఘనమైన సమాధి కట్టించాలని డ్యూక్ అనుకున్నా రోమ్ ఒప్పుకోలేదు. 1737లో గానీ ఆయన అవశేషాలు శాంటా క్రోచే చర్చిలోని పెద్ద సమాధికి చేరలేదు. ఆ తరలింపు సమయంలో అభిమానులు కొన్ని వేళ్లు తీసేసుకున్నారు. మధ్యవేలు గాజు పాత్రలో మ్యూజియో గెలీలియోలోనే ఉంది. పిల్లలు అన్నిటికంటే ముందు దాన్నే వెతుక్కుంటారు.

ఒక దీవి మొత్తం ఇచ్చిన రాజు

ఖగోళశాస్త్రానికి ఆ కాలంలో ఒక రాజు పెట్టిన పెద్ద పెట్టుబడి ఏదంటే టైకో బ్రాహేదే చెప్పాలి. 1576లో డెన్మార్క్ రాజు రెండో ఫ్రెడరిక్ అతనికి వెన్ దీవిని ఇచ్చాడు. టైకో మామూలు పండితుడు కాదు, పెద్ద ప్రభు వంశం. పైగా అతన్ని పెంచిన పెదతండ్రి, నీళ్లలో పడిన ఇదే రాజును కాపాడబోయి జబ్బుపడి చనిపోయాడని చెబుతారు. టైకో విదేశాలకు వెళ్లిపోయే ఆలోచనలో ఉన్నాడని తెలిసి రాజు ఆపాడు. దీవితో పాటు నార్వేలో ఒక జాగీరు, రోస్కిల్డే చర్చిలో ఒక ప్రార్థనా మందిరం తాలూకు ఆదాయం కూడా ఇచ్చాడు. ఉరానిబోర్గ్ అనే కోటలాంటి ఇల్లు, కొన్నేళ్లకు దాని పక్కనే సగం నేలలోకి దిగిన షెర్నెబోర్గ్ వేధశాల లేచాయి. సొంత అచ్చు యంత్రం, కాగితం మిల్లు కూడా ఉండేవి.

డబ్బు రాజుది, ఒళ్లు మాత్రం రైతులది. దీవిలో అప్పటిదాకా స్వతంత్రంగా బతికిన రైతులు వారంలో కొన్ని రోజులు టైకో పనులకు వెట్టి చేయాల్సి వచ్చింది. వాళ్లు రాజుకు మొరపెట్టుకున్నారు. పోషణ గురించి రాసేటప్పుడు ఈ సంగతి సామాన్యంగా జారిపోతుంది. రాజు ఇచ్చే డబ్బు చివరికి ఎవరో ఒకరి పొలంలోంచి రావాల్సిందే.

దానికి ప్రతిఫలంగా వచ్చింది మాత్రం అసాధారణం. టెలిస్కోప్ ఇంకా పుట్టలేదు, అంతా మామూలు కంటితోనే. రెండు మీటర్ల వ్యాసార్ధంతో గోడకు బిగించిన క్వాడ్రంట్ (కోణాలు కొలిచే పావు వృత్తం) లాంటి పెద్ద పరికరాలు, గీతల మధ్య ఏటవాలు చుక్కలతో విభజించిన స్కేళ్లు, ఒకే నక్షత్రాన్ని మళ్లీ మళ్లీ కొలిచే అలవాటు కలిసి, టైకో కొలతలను చాలావరకు ఒక ఆర్క్ మినిట్ తేడాలోకి తెచ్చాయి. డిగ్రీని 60 భాగాలు చేస్తే అందులో ఒకటి ఆర్క్ మినిట్. నిండు చంద్రుడి వెడల్పులో దాదాపు ముప్ఫయ్యో వంతు.

ఆ చిన్న తేడా విలువ తర్వాత తెలిసింది. కుజుడి దారిని వృత్తాలతో సరిపెట్టబోయిన కెప్లర్‌కు, ఎంత చేసినా టైకో కొలతలతో 8 ఆర్క్ మినిట్ల తేడా వచ్చింది. నిండు చంద్రుడి వెడల్పులో నాలుగో వంతు. వేరేవాళ్ల కొలతలైతే పరికరం తప్పనుకుని వదిలేసేవాడు. టైకో అంత తప్పు చేయడని నమ్మాడు కాబట్టి వృత్తాన్నే వదిలేసి దీర్ఘవృత్తం దాకా వెళ్లాడు. జాతకాలకూ గొప్పకూ డబ్బిచ్చిన రాజు ఊహించని ఫలితం ఇది.

1588లో ఫ్రెడరిక్ చనిపోయాడు. కొడుకు నాలుగో క్రిస్టియన్ పెద్దవాడై పగ్గాలు పట్టగానే ఖర్చులు తగ్గించడం మొదలుపెట్టాడు. రోస్కిల్డే మందిరం ఆదాయం తింటూ దాని కప్పు బాగుచేయించడం లేదన్న పాత ఫిర్యాదు కూడా టైకో మెడకు చుట్టుకుంది. 1597లో అతను దీవి వదిలాడు. మరుసటి ఏడాది తన పరికరాల బొమ్మలతో ఒక అందమైన పుస్తకం అచ్చువేసి చక్రవర్తి రెండో రుడాల్ఫ్‌కు అంకితమిచ్చాడు. ఇవాళ్టి భాషలో చెప్పాలంటే ఉద్యోగం కోసం పంపిన రెజ్యూమె. అది పనిచేసింది, ప్రాగ్‌లో కొలువు దొరికింది. 1601లో అక్కడే చనిపోయాడు.

పరికరాలను టైకో కుటుంబం దగ్గర 20,000 థాలర్లకు కొంటానని రుడాల్ఫ్ మాటిచ్చాడు. డబ్బు పూర్తిగా ఎన్నడూ అందలేదు. పరికరాలు వాడకం లేక మూలపడి, ముప్ఫయ్యేళ్ల యుద్ధపు గందరగోళంలో మాయమయ్యాయి. డెన్మార్క్‌కు తిరిగి చేరిన పెద్ద ఇత్తడి నక్షత్ర గోళం 1728 కోపెన్‌హాగన్ అగ్నిప్రమాదంలో కాలిపోయింది. ఉరానిబోర్గ్‌ను రాళ్ల కోసం కూల్చేశారు. అందుకే ఏ ప్రదర్శనలోనైనా టైకో అంటే పుస్తకంలోని బొమ్మలో, తర్వాత చేసిన నమూనాలో ఉంటాయి. ఆ పరికరాలు లేకపోతే కెప్లర్ సూత్రాలే లేవు, కానీ వాటిలో ఒక్కటైనా అద్దాల పెట్టెలోకి చేరలేదు.

రాని జీతం

పోషణ చరిత్రలో నాకు ఎక్కువ ఇష్టమైన వస్తువు, టైకో కొలతల ఆధారంగా కెప్లర్ తయారుచేసి 1627లో అచ్చువేసిన గ్రహాల పట్టికల పుస్తకం, రుడాల్ఫ్ పట్టికల ముఖచిత్రం. గ్రీకు గుడిలాంటి కట్టడం, స్తంభాల దగ్గర పాత ఖగోళవేత్తలు, పైన చక్రవర్తి వంశపు గద్ద. గద్ద ముక్కులోంచి నాణేలు రాలుతుంటాయి. కింద పునాది మీద ఒక చిన్న పలకలో కెప్లర్ కొవ్వొత్తి వెలుగులో బల్ల ముందు కూర్చుని ఉంటాడు. అంత పైనుంచి రాలిన నాణేల్లో అతని బల్ల దాకా చేరినవి కొన్నే. పోషకుణ్ణి పొగుడుతూనే వెక్కిరించడం ఇంత నేర్పుగా ఇంకెవరూ చేయలేదేమో.

వెక్కిరింపుకు కారణం ఉంది. ఆస్థాన గణితవేత్తగా కెప్లర్‌కు జీతం కాగితం మీద ఘనంగానే ఉండేది, చేతికి వచ్చేది మాత్రం అరకొర. పట్టికలు అచ్చువేయాల్సి వచ్చినప్పుడు, ఖజానా నుంచి రావలసిన 6,299 ఫ్లోరిన్ల బకాయిని కొన్ని నగరాల దగ్గర వసూలు చేసుకోమన్నారు. ఊరూరా తిరిగి దొరికినంత తెచ్చుకున్నాడు. మిగతాది సొంత డబ్బు. మధ్యలో లింజ్ ముట్టడిలో అచ్చుశాల తగలబడితే ఊల్మ్‌కు మారి పని పూర్తిచేశాడు. 1630 నవంబరులో రేగెన్స్‌బుర్గ్ వెళ్లాడు, తనకు రావలసిన డబ్బు సంగతి తేల్చుకుందామనే. అక్కడే జ్వరంతో చనిపోయాడు.

ఇది ఐరోపాకే పరిమితం కాదు. సమర్‌ఖండ్‌లో ఉలుగ్ బేగ్ తానే రాజు, తానే ఖగోళవేత్త. దాదాపు 40 మీటర్ల వ్యాసార్ధంతో కట్టిన రాతి చాపంతో కొలిచి, 1437లో వెయ్యికి పైగా నక్షత్రాల పట్టిక తయారుచేయించాడు. 1449లో కొడుకు చేతుల్లో అధికారం, ప్రాణం రెండూ పోయాయి. వేధశాల శిథిలమై మట్టిలో కలిసింది. 1908 తవ్వకాల్లో నేలలోకి దిగిన భాగం మాత్రం బయటపడింది. ఇస్తాంబుల్‌లో తకీయుద్దీన్ కోసం సుల్తాన్ మూడో మురాద్ కట్టించిన వేధశాల పనిచేసింది కొన్నేళ్లే, 1580లో అదే సుల్తాన్ కూలగొట్టించాడు. ఇక జైపూర్‌లో సవాయి జైసింగ్ పద్దెనిమిదో శతాబ్దంలో కట్టించిన జంతర్ మంతర్ నిలిచి ఉందంటే, దాన్ని కరిగించడానికీ మోసుకుపోవడానికీ వీల్లేని రాతితో కట్టడం కూడా ఒక కారణం. ఇక్కడో చిన్న చిక్కుముడి. టెలిస్కోప్ వచ్చి వందేళ్లు దాటాక, టెలిస్కోప్ గురించి తెలిసిన రాజే 27 మీటర్ల ఎత్తు సామ్రాట్ యంత్రం అనే నీడ గడియారం కట్టించాడు. ఖచ్చితత్వం పరిమాణంలోంచి వస్తుందన్న పాత నమ్మకాన్ని అంత దూరం తీసుకెళ్లినవాళ్లు అరుదు.

పోషకుడి నీడ లేకుండా పనిచేసినవాళ్లు లేరా అంటే ఉన్నారు, కాకపోతే వాళ్లకీ ఎక్కడో ఒకచోట తిండికి లోటు లేదు. కోపర్నికస్ ఫ్రోంబోర్క్ చర్చిలో కానన్ (చర్చి వ్యవహారాలు చూసే మండలి సభ్యుడు) పదవి ఆదాయంతో బతికాడు. అంకితం మాత్రం పోప్ మూడో పాల్‌కు ఇచ్చాడు. కాసెల్‌లో నాలుగో విల్‌హెల్మ్ ప్రభువైనా తనే రాత్రిళ్లు నక్షత్రాలు కొలిచేవాడు. డాన్‌జిగ్‌లో హెవేలియస్ బీరు వ్యాపారంతో ఇళ్ల కప్పుల మీద వేధశాల కట్టుకున్నాడు. 1679లో అది కాలిపోయాక సాయపడిన పోలండ్ రాజు సోబియెస్కీ పేరిట ఆకాశంలో ఒక డాలు గీశాడు.

ఆకాశంలో పేరు రాయించుకోవాలన్న ప్రభువుల ఆశ మాత్రం పెద్దగా ఫలించలేదు. మెదిచీ నక్షత్రాలను ఇప్పుడు అయో, యూరోపా, గానిమీడ్, కలిస్టో అంటున్నాం. శని చంద్రుళ్లకు కసిని పెట్టిన లూయీ రాజు పేరూ, 1781లో దొరికిన కొత్త గ్రహం యురేనస్‌కు హెర్షెల్ పెట్టిన జార్జి రాజు పేరూ చెరిగిపోయాయి. సోబియెస్కీ డాలు ఒక్కటే నక్షత్రరాశిగా మిగిలింది, అదీ రాజు పేరు రాలిపోయి వట్టి డాలుగా.

పదిహేడో శతాబ్దం చివర్లో వ్యక్తుల స్థానంలోకి సంస్థలు రావడం మొదలైంది. 1667లో పారిస్, 1675లో గ్రీనిచ్ వేధశాలలు వచ్చాయి. మార్పు ఒక్కసారిగా జరిగిందనుకోకూడదు. గ్రీనిచ్‌లో ఇంగ్లండ్ రాజు భవనం కట్టించి, తొలి ఖగోళవేత్త జాన్ ఫ్లామ్‌స్టీడ్‌కు ఏడాదికి 100 పౌండ్ల జీతం ఖాయం చేశాడు. పరికరాలకు డబ్బివ్వడం మరిచాడు. ఫ్లామ్‌స్టీడ్ సొంత డబ్బుతో, స్నేహితుల సాయంతో సమకూర్చుకున్నాడు. 1719 చివరి రోజున ఆయన చనిపోతే, అవి తమ సొత్తే కాబట్టి భార్య మార్గరెట్ తరఫువాళ్లు పట్టుకెళ్లిపోయారు. ఆ తర్వాత వచ్చిన ఎడ్మండ్ హాలీకి దొరికింది ఖాళీ గదులు. ప్రభుత్వం నుంచి 500 పౌండ్లు రాబట్టి మళ్లీ మొదటినుంచి కొనుక్కున్నాడు. ఈసారి అవి మనిషివి కావు, వేధశాలవి. అందులో జార్జ్ గ్రాహమ్ 1725లో చేసిన ఎనిమిది అడుగుల ఇనుప క్వాడ్రంట్ ఉంది. ఏళ్ల తరబడి వాడిన పరికరమే అయినా, పట్టుకెళ్లే వారసులు లేరు కాబట్టి ఇప్పటికీ గ్రీనిచ్‌లోనే ఉంది.